గేమ్ క్యారెక్టర్ డిజైన్ పోటీ పెడితే అన్నీ తలనొప్పులే, ఎలా నడపాలి?

తిరుపతిలో మీ కాలేజీ గేమింగ్ క్లబ్ తరఫున మెగా మ్యాన్ అనే వీడియో గేమ్‌కి బాస్ (దశ చివర ఆటగాడు పోరాడి ఓడించాల్సిన పెద్ద విలన్) డిజైన్ పోటీ పెట్టామని, వచ్చినవాటిలో ఏ బొమ్మ చేత్తో గీసిందో ఏది ఏఐ చేసిందో తెలియట్లేదని, ఓటింగ్ పెట్టాలని కొందరు, జడ్జీలే ఉండాలని కొందరు పోట్లాడుకుంటున్నారని రాశావు. ఇంత కష్టపడి అసలు ఎందుకు పెట్టామా అనిపిస్తోందని కూడా అన్నావు.

తమ్ముడూ, ఇలాంటి పోటీలు నేను తిరుపతిలోనే కొన్నేళ్లుగా నడుపుతున్నాను. చిత్తూరు వైపు వేరేవాళ్లు పెట్టిన వాటికి సాయం కూడా వెళ్లాను. నువ్వు చెప్పిన టెన్షన్లన్నీ నాకు బాగా తెలుసు. వాటిలో చాలావరకు ఒక్క చోటే మొదలవుతాయి. మనం అడిగేది బాస్‌ని, వాళ్లు పంపేది బొమ్మని. ఆ తేడా పోస్టర్ చూసిన రోజే వాళ్లకి తెలిసిపోవాలి.

ఈ పోటీలు అసలు ఎక్కడ పుట్టాయో మీ క్లబ్ పిల్లలకి ముందు చెప్పు. జపాన్ గేమ్ కంపెనీ క్యాప్‌కామ్ మెగా మ్యాన్ మొదటి భాగాన్ని 1987లో తెచ్చింది. జపాన్‌లో దాని పేరు రాక్‌మ్యాన్. 1988లో వచ్చిన రెండో భాగం నుంచి బాస్‌ల డిజైన్లు పంపమని అక్కడి అభిమానుల్నే అడిగారు. 1993 నాటి ఆరో భాగానికి ఉత్తర అమెరికా అభిమానుల్ని కూడా పిలిచారు. నైట్ మ్యాన్ (రాత్రి కాదు, కవచం తొడిగిన యోధుడు), విండ్ మ్యాన్ అలా వచ్చినవాళ్లే. ఇప్పుడు వన్ పంచ్ మ్యాన్ అనే మాంగాకి, అంటే జపాన్ కామిక్‌కి, బొమ్మలు వేసే యూసుకే మురాటా చిన్నప్పుడు ఈ పోటీలకి పంపిన డిజైన్లే నాలుగో భాగంలో డస్ట్ మ్యాన్, ఐదో భాగంలో క్రిస్టల్ మ్యాన్ అయ్యాయి. ఒక్కసారి డస్ట్ మ్యాన్‌ని చూడు. వాడొక వ్యాక్యూమ్ క్లీనర్. నెత్తిమీద పీల్చే గొట్టం. దాంతో మనల్ని తన వైపు లాక్కుంటాడు, చెత్తని ముద్ద చేసి మన మీదకి విసురుతాడు. బొమ్మ చూడగానే వాడితో పోరాటం ఎలా ఉంటుందో తెలిసిపోతుంది. మనకి కావలసింది ఇదే.

బొమ్మకీ బాస్‌కీ తేడా చెప్పడానికి నేను ఎప్పుడూ మొదటి భాగంలోని ఆరుగురినీ వరసగా బోర్డు మీద రాస్తాను. కట్ మ్యాన్ కత్తెర బ్లేడుకి ఎలెక్ మ్యాన్ తట్టుకోలేడు. ఎలెక్ మ్యాన్ కరెంటుకి ఐస్ మ్యాన్, ఐస్ మ్యాన్ మంచుకి ఫైర్ మ్యాన్, ఫైర్ మ్యాన్ నిప్పుకి బాంబ్ మ్యాన్, బాంబులకి గట్స్ మ్యాన్. గట్స్ మ్యాన్ ఎత్తి విసిరే బండలకి మళ్లీ మొదటివాడు కట్ మ్యాన్. ఈ గేమ్‌లో ఓడించిన బాస్ ఆయుధం ఆటగాడి చేతికి వస్తుంది, అలా ఒకడి ఆయుధం ఇంకొకడి ప్రాణం మీదకి వస్తుంది. అంటే ఏ బాస్ కూడా ఒంటరిగా ఉండడు. కాబట్టి ఎంట్రీ పంపేవాళ్లు తమ బాస్ ఓడిపోయాక ఆటగాడికి ఏ ఆయుధం దక్కుతుందో, తమవాడు దేనికి లొంగుతాడో రాయాల్సిందే. ఇది రాయని ఎంట్రీ ఎంత అందంగా ఉన్నా మేం తీసుకోం, ఆ మాట పోస్టర్‌లోనే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఈ ఒక్క షరతుతో ఇంటర్నెట్‌లోంచి ఎత్తుకొచ్చిన కండల వీరులు, నీలిమంటల కత్తులు చాలావరకు ఆగిపోతాయి. ఎంట్రీలు తగ్గుతాయి నిజమే. తగ్గనీ. రెండు వందల బొమ్మలు తిరగేసి విసిగిపోయే బదులు ముప్పై బాస్‌లని తీరిగ్గా చూడటం అందరికీ మేలు.

ఇంకో షరతు రంగుల గురించి. ఈ పాత భాగాలు నడిచిన నింటెండో ఎన్‌ఈఎస్ గేమ్ మెషీన్‌లో తెర మొత్తం 256 బై 240 పిక్సెల్స్ (చుక్కలు). కదిలే బొమ్మలకి నాలుగు పాలెట్లు, అంటే రంగుల సెట్లు, ఒక్కో పాలెట్‌లో పారదర్శకం పోగా మూడే రంగులు. అందుకే నేను ఏ4 బొమ్మతో పాటు గ్రాఫ్ కాగితం మీద మూడు రంగుల్లో చిన్న బొమ్మ కూడా అడుగుతాను. పిల్లలు మొదట గొణుగుతారు, మూడు రంగులతో ఏం వస్తుందన్నా అంటారు. మన తిరుపతి గంగమ్మ జాతరలో వేసే వేషాలు గుర్తు చేస్తాను. బైరాగి వేషానికి ఒంటికి తెల్లటి నామంసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గుమసి. తాతయ్యగుంట వీధి చివర నిలబడి చూసినా వచ్చేది ఏ వేషమో రంగుని బట్టే చెప్పేస్తాం. తిరుపతిలో పెరిగినవాళ్లకి ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ తర్వాత వాళ్లు గీసే గ్రాఫ్ బొమ్మలు చూస్తే ముచ్చటేస్తుంది.

ఇక ఏఐ బొమ్మల సంగతి. నిషేధం అని రాసి ఊరుకుంటే ఎవరూ ఆగరు. పట్టుకుంటామని యాప్‌లు పెట్టుకుని తిరిగితే నిజంగా గీసినవాడి మీద కూడా నింద పడుతుంది, అది ఇంకా ఘోరం. నేను రెండు పనులు చేస్తాను. పెన్సిల్‌తో వేసిన మొదటి రఫ్‌లు, కొట్టివేతలతో సహా ఫోటో తీసి జత చెయ్యమంటాను. చివరి రౌండ్‌కి వచ్చినవాళ్లని పిలిచి కాసేపు కూర్చోబెట్టి మాట్లాడతాను. మీవాడు గోడ ఎక్కగలడా? ప్రాణం సగానికి పడిపోతే ఏం చేస్తాడు? వాడితో పోరాడే గది నేల ఎలా ఉంటుంది? తను ఆలోచించి గీసినవాడికి ఈ ప్రశ్నలు వేస్తే కళ్లు మెరుస్తాయి, ఆపినా ఆగడు. శేషాచలం బంగారు బల్లిని బాస్‌గా చేసిన కుర్రాడొకడు, రాతి పగుళ్లలోంచి ఎటు వస్తుందో తెలియకుండా ఎలా దూకుతుందో చెప్తూ లేచి నిలబడి దూకి చూపించాడు. బొమ్మని ఎక్కడినుంచో దింపుకున్నవాడు మాత్రం రెండో ప్రశ్నకే తల దించుకుంటాడు. వాడిని అక్కడ అందరి ముందు అవమానించకు. పక్కకి పిలిచి, మళ్లీసారి నువ్వే గీసి తీసుకురా అని చెప్పి పంపు. అలా పంపినవాళ్లలో తిరిగి వచ్చి మంచి బాస్‌లు ఇచ్చినవాళ్లున్నారు.

ఓటింగ్ గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది, దాచుకోను. పబ్లిక్ ఓటుతో విజేతని తేల్చకండి. చిత్తూరు వైపు జరిగిన ఒక పోటీకి నేను సాయం వెళ్లినప్పుడు ఒక టెన్త్ అమ్మాయి ఎంట్రీ వచ్చింది. వాళ్ల నాన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఆ అమ్మాయి గీసింది తోతాపురి కాయల్ని పిండే మెషీన్ రోబో. రూళ్ల నోట్‌బుక్ కాగితం, స్కెచ్ పెన్నులు. చేతుల్లో టెంకలు, వాటిని బంతుల్లా విసురుతాడు. పొట్టలోంచి గుజ్జు వదులుతాడు, నేల జారుడు అవుతుంది, మనం ఆగాలన్నా ఆగలేం. సీజన్ అయిపోతే ఖాళీగా తుప్పుపట్టి కూర్చునే మెషీన్ కాబట్టి నీళ్ల ఆయుధానికి లొంగుతాడని రాసింది. పక్కనే ఇంకో గుజ్జు పైపు గీసి, దాని వాల్వు తిప్పితే ఆటగాడికి ఊపిరి తీసుకునే చోటు దొరుకుతుందని బాణం గుర్తు వేసింది. పదిహేనేళ్ల పిల్ల గదిని కూడా ఆలోచించింది! ఓటింగ్‌లో ఆ ఎంట్రీ ఎక్కడో అడుగున ఉండిపోయింది. గెలిచింది ఒక పెద్ద కాలేజీ హాస్టల్ నుంచి వచ్చిన బొమ్మ. హాస్టల్ వాట్సాప్ గ్రూపుల్లో లింక్ తిరిగింది, ఓట్లు పడ్డాయి. ఆ బొమ్మ ఎలా పోరాడుతుందో ఒక్క ముక్క రాయలేదు. ఆ రోజు ఆ అమ్మాయి తన కాగితం వెనక్కి ఇమ్మని అడిగి, మడతపెట్టి బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోయింది. నాకు ఇప్పటికీ ఆ సంగతి తలచుకుంటే బాధగా ఉంటుంది.

ఓటు వల్ల లెక్కకి వచ్చేది ఎవరికి ఎంతమంది ఫ్రెండ్స్ ఉన్నారన్నదే. అందరూ పాల్గొన్నట్టు ఉండాలంటే ప్రేక్షకుల బహుమతి అని విడిగా ఒకటి పెట్టండి, దాని పేరు కూడా అలాగే ఉండాలి. అసలు విజేతని ముగ్గురు జడ్జీలు తేల్చాలి. ఒకరు బొమ్మలు తెలిసినవాళ్లు, ఒకరు ఈ గేములు చివరిదాకా ఆడినవాళ్లు, ఒకరు కోడింగ్ చేసి చిన్నదైనా గేమ్ తయారు చేసినవాళ్లు. బొమ్మలు తెలిసినవాళ్ల కోసం ఎక్కడో వెతకక్కర్లేదు. శ్రీకాళహస్తిలో కలంకారీ కళాకారులున్నారు, మాధవమాలలో కొయ్యబొమ్మలు చెక్కేవాళ్లున్నారు. కలంతో గీత గీసేవాళ్లకి గేమ్ తెలియకపోయినా, ఏ గీత అనవసరమో ఒక్క చూపులో చెప్తారు. ఒక కలంకారీ ఆయన్ని జడ్జీగా పిలిస్తే, ఫైనల్ బొమ్మలన్నీ తలకిందులుగా పెట్టి చూశాడు. ఆకారం నిలబడుతోందా లేదా అని అలా చూస్తారట. జడ్జీలు చూసేటప్పుడు ఎంట్రీల మీద పేరు, కాలేజీ ఉండకూడదు, నంబరే ఉండాలి. జడ్జీకి తెలిసినవాళ్ల పిల్లలు ఉంటే ఆ ఎంట్రీకి ఆయన మార్కులు వెయ్యరని ముందే చెప్పేయండి. మన ఊళ్లో అందరికీ అందరూ తెలుసు, ఇది చాలా అవసరం.

తిరుపతి కాబట్టి ఇంకో మాట. దేవుళ్లని బాస్‌లుగా గీసి పంపేవాళ్లు తప్పకుండా ఉంటారు. భక్తితోనే పంపుతారు, కానీ గేమ్‌లో బాస్ అంటే ఆటగాడు కాల్చి ఓడించాల్సినవాడు. అది ఎవరి మనసునైనా నొప్పిస్తుంది, ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ తీసి పెట్టారంటే మీ క్లబ్ మాత్రమే కాదు, ఆ గీసిన పిల్లవాడు కూడా ఇరుక్కుంటాడు. దేవతా రూపాలు, ప్రసాదాలు, గుడి గుర్తులు వద్దని రూల్స్‌లో మర్యాదగా రాయండి. బదులుగా వాడుకోవడానికి మన చుట్టూ ఎంత లేదు? ఎర్రచందనం దుంగలు, తలకోన జలపాతం, ఘాట్ రోడ్డు మలుపులు, చంద్రగిరి కోట, పలమనేరు వైపు పొలాల మీద పడే ఏనుగులు. ఇవన్నీ రాసి పోస్టర్ కింద పెడితే పిల్లలకి దారి దొరుకుతుంది.

గడువు విషయంలో మెత్తబడకు. ఒకరికి ఒక రోజు ఇస్తే, టైముకి ఇచ్చినవాళ్లందరికీ అన్యాయం చేసినట్టే. పొడిగించాలంటే గడువు ముగియకముందే అందరికీ ఒకేసారి పొడిగించండి. సెమిస్టర్ పరీక్షలు ఎప్పుడో చూసుకుని తేదీ పెట్టుకుంటే ఈ గొడవ సగం ఉండదు.

ఫలితాల తర్వాత వచ్చే కోపాలకి నాకు పనిచేసిన మందు ఒకటే. ఓడిన ప్రతి ఒక్కరికీ రెండు మూడు వాక్యాలు రాసి పంపుతాను. నీ బాస్‌లో దూకుడు బాగుంది, కానీ ఆటగాడు తప్పించుకునే చోటే లేదు, అలా. ఇది ఒళ్లు హూనమయ్యే పని, మీ క్లబ్‌లో నలుగురు పంచుకోండి. కానీ ఎందుకు ఓడిపోయానో తెలిసినవాడు గొడవకి రాడు, మరుసటి ఏడాది ఎంట్రీతో వస్తాడు.

బహుమతి, హక్కుల గురించి కూడా అడిగావు. మెగా మ్యాన్ క్యాప్‌కామ్‌ది. కాబట్టి ఎంట్రీ ఫీజు తీసుకోవద్దు, గెలిచిన బొమ్మలతో టీషర్టులు వేసి అమ్మొద్దు, పోస్టర్ మీద ఇది అభిమానులు పెట్టుకున్న పోటీ, కంపెనీకి సంబంధం లేదని స్పష్టంగా రాయండి. పిల్లలు సొంతంగా గీసిన బొమ్మ మాత్రం క్లబ్‌ది అయిపోదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం మామూలుగా గీసినవాళ్లే దానికి మొదటి హక్కుదారు, ఆ హక్కు ఇంకొకరికి ఇవ్వాలంటే రాతపూర్వకంగా ఉండాలి. ఎంట్రీలన్నీ క్లబ్ సొంతం అని కొన్ని పోటీల్లో ఒక లైను పెడతారు, మీరు దయచేసి ఆ పని చెయ్యొద్దు. ప్రదర్శనలో పెట్టుకోవడానికి అనుమతి అడగండి, చాలు. డబ్బు తక్కువుంటే మంచి స్కెచ్‌బుక్, రంగు పెన్సిళ్లు ఇవ్వండి. ఇంకా వీలైతే మీ కోడింగ్ కుర్రాళ్ల చేత గెలిచిన బాస్‌తో ఒక గది గేమ్ చేయించి, గీసిన పిల్ల చేతికే కంట్రోలర్ ఇచ్చి మొదట ఆడించండి. నేను ఇచ్చిన ఏ నగదు బహుమతికీ అంత సంతోషం చూడలేదు.

మీ రూల్స్ కాగితం ఇక్కడ పెట్టు, గడువులోపు చదివి నాకు తోచిన మార్పులు చెప్తాను.