మీ ప్రశ్నలు - మా జవాబులు: రోజంతా తెరుచుకునే తలుపులు

ప్రశ్న: సార్, మా ఆఫీసు బిల్డింగ్ మెయిన్ డోర్ ధడేల్‌మని పడుతోంది. రెండేళ్ళలో డోర్ క్లోజర్ (తలుపుని తనంతట తాను మూసే పరికరం) రెండుసార్లు మార్చాం, మళ్ళీ అదే గోల. ఓనర్ గారు విసిగిపోయి తలుపే మార్చేద్దామంటున్నారు. మార్చాలంటారా? - ఒక మెయింటెనెన్స్ సూపర్‌వైజర్

జవాబు: కాస్త ఆగండి. ముందు ఒకరోజు ఆ తలుపు పక్కన నిలబడి ఎన్నిసార్లు తెరుచుకుంటోందో లెక్కపెట్టండి, ఎందుకంటే రోజుకి వెయ్యిసార్లు అనుకున్నా ఏడాదికి 3,65,000 సార్లు అవుతుంది, యూరప్ ప్రమాణం ఈఎన్ 1154లో క్లోజర్‌ని పరీక్షించేది 5 లక్షల సార్లు, అంటే మీ తలుపు దగ్గర ఆ లెక్క పదహారు నెలల్లో అయిపోతుంది. అమెరికా వాళ్ళ గ్రేడ్ 1 క్లోజర్‌కయితే పరీక్ష 20 లక్షల సార్లు, అదే రద్దీకి అయిదేళ్ళ పైమాటే. పరీక్ష దాటాక వెంటనే పాడైపోతుందని కాదు, ఇంకా నడవచ్చు కూడా, కానీ రద్దీ తక్కువుండే తలుపుకి పెట్టాల్సిన క్లోజర్ తెచ్చి మెయిన్ డోర్‌కి బిగిస్తే రెండేళ్ళలో రెండు పోవడంలో వింతేం లేదు కదండీ.

క్లోజర్ సైజు కూడా చూడండి, అంటే అది ఎంత బలంగా తలుపుని మూస్తుందో చెప్పే నంబరు. తలుపు వెడల్పు 950 మిల్లీమీటర్లు, బరువు 60 కిలోల దాకా ఉంటే సైజు 3 చాలు, 1100 మిల్లీమీటర్లు, 80 కిలోలంటే సైజు 4 కావాలి. గాలి బాగా కొట్టే చోటయితే ఇంకో సైజు పైది తీసుకోండి.

ఇప్పుడు అసలు విషయం. క్లోజర్‌ని తలుపుకీ ఫ్రేమ్‌కీ కలిపే ఆర్మ్ విప్పేసి తలుపుని చేత్తో మెల్లగా తెరిచి మూయండి, ఎక్కడా పట్టకుండా, కింద రాసుకోకుండా రావాలి. తర్వాత సగం తెరిచి హ్యాండిల్ పట్టుకుని పైకి ఎత్తి చూడండి. లొటలొటా కదిలిందంటే జబ్బు హింజెస్‌ది, అంటే తలుపు బందులది. తలుపు బరువంతా పై హింజ్‌ని ఫ్రేమ్ నుంచి బయటికి లాగుతూ ఉంటుంది, కింది దాన్ని లోపలికి నొక్కుతూ ఉంటుంది, అందుకే ముందు వదులయ్యేది పైదే. అక్కడ స్క్రూ నాలుగు మిల్లీమీటర్లు బయటికి వచ్చిందంటే తలుపు అవతలి కొస కిందికి వంగి గడియ నాలుక దాని గాడిలో పడదు, అప్పుడు జనం గట్టిగా లాగి కొడతారు, ఆ దెబ్బ మళ్ళీ అదే హింజ్ మీద పడుతుంది. నేను చూసిన చాలా తలుపులు ఇలాగే పోయాయి, క్లోజర్‌ని తిట్టుకుంటూ ఒక్క స్క్రూ బిగించకపోవడం వల్ల! హింజ్ మార్చాల్సొస్తే బాల్ బేరింగ్ ఉన్నవి కనీసం మూడు పెట్టండి. తలుపు బరువైనదైతే పై నుంచి కింద దాకా ఒకటే పొడుగు హింజ్ వేయించడం ఇంకా మంచిది, బరువు అన్నిచోట్లా పంచుకుంటుంది.

హింజ్‌లు బాగానే ఉన్నాయంటే అప్పుడు క్లోజర్ స్క్రూలు ముట్టుకోండి. ఒకటి తలుపు ఎంత వేగంగా వచ్చిపడాలో చెప్తుంది, ఇంకోటి చివరి కొద్ది దూరంలో వేగం. ధడేల్‌మనేది సాధారణంగా ఈ రెండోదాని వల్లే. ఒక్కోసారి ఎనిమిదో వంతు చుట్టు మాత్రమే తిప్పి చూడండి, పూర్తిగా విప్పేస్తే నూనె బయటికొచ్చేస్తుంది, ఇక అది పనికిరాదు. చలికి నూనె చిక్కబడుతుంది, ఎండకి పల్చబడుతుంది, కాబట్టి కాలం మారినప్పుడల్లా ఒకసారి సరిచూడాలి. క్లోజర్ ఒంటి మీద నూనె మరక కనిపిస్తే మాత్రం దానికి రిపేర్ లేదండీ, మార్చాల్సిందే.

ప్రశ్న: మెట్ల దగ్గర ఫైర్ డోర్ ఊరికే మూసుకుపోతుందని స్టాఫ్ ఇటుక అడ్డం పెడుతున్నారు. తప్పా? - ఒక ఫెసిలిటీ మేనేజర్

జవాబు: చాలా పెద్ద తప్పండీ, ఈరోజే తీయించేయండి. ఆ తలుపు ఉన్నదే పొగని మెట్లలోకి రానివ్వకుండా ఆపడానికి, తెరిచి ఉంటే అది గోడకి కన్నంతో సమానం. తెరిచి ఉంచక తప్పని చోట ఫైర్ అలారంకి కలిపిన మ్యాగ్నెట్ హోల్డర్ పెట్టించండి, అలారం మోగగానే కరెంటు ఆగి తలుపు తనంతట తాను మూసుకుంటుంది. ఫైర్ డోర్‌కి ఇష్టమొచ్చినట్టు రంధ్రాలు పెట్టి కొత్త తాళాలు బిగించకండి. అంచుల్లో ఉండే పట్టీ వేడికి ఉబ్బి సందు మూస్తుంది, రంగులు వేసేవాళ్ళు దాన్ని పీకేస్తుంటారు, ఓ కన్నేసి ఉంచండి.

ప్రశ్న: షోరూం గాజు తలుపు నేలకి రాసుకుంటోంది. కింద కొంచెం కోయించొచ్చా? - ఒక షాపు యజమాని

జవాబు: వద్దు వద్దు! అది టెంపర్డ్ గ్లాస్ (వేడిచేసి గట్టిపరిచిన గాజు) అయితే కోయబోతే మొత్తం చిన్న ముక్కలుగా పగిలిపోతుంది. కోతలు, రంధ్రాలు అన్నీ టెంపర్ చేయకముందే అవ్వాలి. నేలలో ఫ్లోర్ స్ప్రింగ్ (గాజు తలుపుని కిందనుంచి మూసే పరికరం) పెట్టె మూత తీసి చూడండి, నేల కడిగిన నీళ్ళు అందులో చేరి తుప్పు పట్టి ఉండొచ్చు, లేదా గాజుని పట్టుకున్న క్లాంపు వదులై గాజు కిందికి జారి ఉండొచ్చు. తెలిసిన మనిషి చేతే బిగించండి.

ప్రశ్న: అసలు తలుపుని ఎప్పుడు మార్చాలి మేడమ్/సార్? - ఒక స్కూల్ కరస్పాండెంట్

జవాబు: ఇనుప తలుపైతే కింది అంచు నొక్కి చూడండి, మాపింగ్ నీళ్ళకి తుప్పు లోపలినుంచి తినేసి ఉంటే వేలికి తెలుస్తుంది. చెక్కదైతే హింజ్ దగ్గర చీలిక, తాళం చుట్టూ పగుళ్ళు. ఫ్రేమే గోడ నుంచి కదులుతుంటే ముందు ఫ్రేమ్ సంగతి చూడండి, లేకపోతే ఎంత మంచి తలుపు తెచ్చినా ఆరు నెలలే. కొత్తది ఆర్డర్ చేసేముందు ఫ్రేమ్ వెడల్పు పైన, మధ్య, కింద మూడుచోట్ల కొలవండి, రెండు మూలల మధ్య అడ్డకొలత రెండువైపులా సమానంగా వస్తోందా చూసుకోండి. పాత తలుపు కొలతలు రాసిచ్చి ఆర్డర్ పెడితే అది అప్పటికే అంచులు చెక్కి తగ్గించిన తలుపు అయి ఉంటుంది, కొత్తది వదులొస్తుంది. పిల్లల్లో ఎవరైనా వీల్‌చైర్ వాడుతుంటే తలుపు తెరిచాక మిగిలే ఖాళీ కనీసం 900 మిల్లీమీటర్లు ఉండాలి, తలుపు వెడల్పు కాదు, ఖాళీ. సెలవుల్లోనే పని పెట్టుకోండి, బిగించాక నాలుగు వారాలకి హింజ్ స్క్రూలన్నీ మళ్ళీ ఒకసారి బిగించమని ఇప్పుడే చెప్పి ఉంచండి.