క్లైంబింగ్ వచ్చు కదా, గుహల క్లబ్‌తో నేరుగా నిలువు గుహలోకి దిగిపోవచ్చా?

మీరు అడిగింది ఇది: ఇండోర్ గోడల మీద క్లైంబింగ్ బాగానే వచ్చు, దగ్గర్లోని గుహల క్లబ్‌వాళ్లు 30 మీటర్ల నిలువు దిగుడు ఉన్న గుహకి రమ్మన్నారు, దానికోసం విడిగా నేర్చుకోవాల్సింది ఏమైనా ఉందా అని. ఉంది, చాలానే ఉంది.

క్లైంబింగ్ వల్ల మీకు కలిసొచ్చేవి రెండే. ఎత్తంటే బెదురు పోయి ఉంటుంది, ముడులు చేతికి అలవాటై ఉంటాయి. మిగతాదంతా తలకిందులు. గోడ మీద అలిసిపోతే కింద ఉన్నవాళ్లు మెల్లగా దించేస్తారు. గుహలో దిగడం ముందు, ఎక్కడం తర్వాత. అంటే కష్టమైన పని మీరు తడిసి, చల్లబడి, అలిసిపోయాక మొదలవుతుంది, అప్పుడు పైనుంచి మిమ్మల్ని లాగేవాళ్లు ఉండరు. అభిమన్యుడికి లోపలికి వెళ్లడం వచ్చు. మీరు ముందు బయటికి రావడం నేర్చుకోండి. తాడు మీద ఎక్కడం పూర్తిగా చేతికొచ్చాకే దిగడం గురించి ఆలోచించాలి. ఏ క్లబ్ అయినా నేర్పించకుండానే తీసుకెళ్తానంటే నేనైతే ఆ క్లబ్‌తో వెళ్లను.

మీ క్లైంబింగ్ తాడు ఇక్కడ పనికిరాదు. అది పడిపోతే దెబ్బ తగలకుండా సాగేలా చేసింది. 30 మీటర్ల పొడవుకి మనిషి బరువుకే రెండు మీటర్ల దాకా సాగుతుంది. దాని మీద ఎక్కితే ఒక్కో అడుగుకీ పైకీ కిందికీ ఊగుతారు, ఊగినప్పుడల్లా తాడు రాతి అంచుకి రాసుకుంటుంది. అందుకే గుహల్లో వాడేది చాలా తక్కువ సాగే సెమీ-స్టాటిక్ తాడు, సాధారణంగా 9 నుంచి 10.5 మిల్లీమీటర్ల మందం. కొత్తది కొన్నాక నీళ్లలో నానబెట్టి ఆరేసి, మళ్లీ కొలిచి పొడవు రాసుకోవాలి. నానితే ముడుచుకుంటుంది, లేబుల్ మీద 40 అని ఉన్న తాడు నిజంగా 40 ఉండదు. కింది కొస నుంచి ఒక మీటరు పైన పెద్ద ముడి వెయ్యాలి. సంచిలో సర్దేటప్పుడు ఆ ముడి ఉన్న కొస అడుగుకి వెళ్లాలి. తాడు నేల దాకా చాలకపోతే మిమ్మల్ని ఆపేది ఆ ముడే.

ఇక ఒంటి మీది సామాను. నడుముకి హార్నెస్, దాన్ని ముందు కలిపే అర్ధచంద్రాకారపు స్క్రూ లింకు, దానికి తగిలించిన చెస్ట్ అసెండర్ (అసెండర్ అంటే తాడు మీద పైకి జరిగి, బరువు పడితే కిందికి జారకుండా పట్టుకునే సాధనం), దాన్ని పైకి లాగి పట్టుకునే ఛాతీ పట్టీ. చేతిలో ఇంకో అసెండర్, దానికి కాలు పెట్టుకునే ఫుట్‌లూప్, ఆ అసెండర్ నుంచి హార్నెస్‌కి ఒక సేఫ్టీ తాడు. దిగడానికి డిసెండర్, అంటే తాడుని ఒరిపిడితో ఆపుతూ మెల్లగా జారనిచ్చే సాధనం. ఇవి కాక ఒకటి పొట్టిగా, ఒకటి పొడవుగా రెండు కౌస్‌టెయిల్స్, అంటే హార్నెస్ నుంచి గోడకి తగిలించుకునే కొక్కేల తాళ్లు. వీటిని మాత్రం సాగే డైనమిక్ తాడుతోనే కట్టుకోవాలి, ఎందుకంటే జారి పడితే ఆ కుదుపుని తీసుకోవాల్సింది అవే.

కొలతల దగ్గరే కొత్తవాళ్లకి సగం కష్టాలు. ఛాతీ పట్టీ ఎంత బిగుతుగా ఉండాలంటే నిటారుగా నిలబడితే కాస్త ముందుకి వంగినట్టు అనిపించాలి. వదులుగా ఉంటే చెస్ట్ అసెండర్ మీతోపాటు పైకి రాదు. మీరు 40 సెంటీమీటర్లు లేస్తే అందులో సగం మళ్లీ కూర్చున్నప్పుడు పోతుంది. నేల మీద బిగుతుగానే ఉందనిపిస్తుంది, బరువు పడ్డాకే తెలుస్తుంది, కాబట్టి తాడుకి వేలాడి సరిచేసుకోండి. ఫుట్‌లూప్‌లో నిలబడితే చేతి అసెండర్ చెస్ట్ అసెండర్‌కి కొద్దిగా పైన ఉండాలి. సేఫ్టీ తాడు మీద మాత్రమే వేలాడుతున్నప్పుడు చేతి అసెండర్ మీ చేతికి అందాలి. అందకపోతే అక్కడే ఇరుక్కుంటారు. కదలకుండా హార్నెస్‌లో వేలాడుతూ ఉండిపోవడం కాళ్ల నొప్పితో పోయేది కాదు, స్పృహ తప్పొచ్చు, ప్రాణం మీదికీ రావొచ్చు.

ఎక్కేటప్పుడు బలం చేతుల్లోంచి రాకూడదు. మడమలు పిరుదుల కిందికి తెచ్చుకుని, కాళ్లతో నిటారుగా లేవాలి. కాళ్లు ముందుకి తన్నితే శరీరం వెనక్కి వాలుతుంది, ఆ బరువంతా చేతుల మీద పడుతుంది, పది మీటర్లకే భుజాలు పట్టేస్తాయి. మొదటి కొన్ని మీటర్లు ఇంకో చిరాకు ఉంటుంది: కింద తాడు బరువు చాలక చెస్ట్ అసెండర్‌లోంచి జారదు, మీతోపాటే పైకి లేస్తుంది. కిందున్నవాళ్లని తాడు కొస పట్టుకోమనండి, లేదా మీ పాదాల మధ్య నొక్కిపట్టండి.

గుహలోకి వెళ్లేముందు చెట్టుకో, ట్రైనింగ్ గోడకో తాడు కట్టించుకుని కళ్లు మూసుకుని చేయగలిగే దాకా సాధన చేయాల్సింది ఒకటుంది. దిగడం నుంచి ఎక్కడానికి, ఎక్కడం నుంచి దిగడానికి మధ్యలో మారడం. దిగుతూ ఆగి ఎక్కాలంటే: డిసెండర్‌ని లాక్ చెయ్యండి. దానికి పైన చేతి అసెండర్ పెట్టండి. ఫుట్‌లూప్‌లో లేచి, రెండింటి మధ్య ఉన్న తాడుని చెస్ట్ అసెండర్‌లో పెట్టండి. కూర్చోండి, బరువు దాని మీద పడిందని చూసుకుని డిసెండర్ తియ్యండి. ఎక్కుతూ ఆగి దిగాలంటే: ముందు చేతి అసెండర్‌ని చెస్ట్ అసెండర్ దగ్గరికి దించుకోండి. చెస్ట్ అసెండర్‌కి కింద, వీలైనంత దగ్గరగా డిసెండర్ వేసి లాక్ చెయ్యండి. లేచి చెస్ట్ అసెండర్ తెరవండి, డిసెండర్ మీద కూర్చోండి, చేతి అసెండర్ తీసెయ్యండి. ఆ మొదటి అడుగు మర్చిపోతే కూర్చోగానే సేఫ్టీ తాడు బిగుసుకుపోతుంది, పైనున్న అసెండర్ ఊడి రాదు, ఇటు దిగలేరు అటు ఎక్కలేరు.

ఆటోమేటిక్‌గా ఆగే డిసెండర్ల గురించి ఒక హెచ్చరిక. పిడి నొక్కితే జారుతుంది, వదిలితే ఆగుతుంది అని చెబుతారు. నిజమే, కానీ భయపడ్డ మనిషి చేతిలో ఉన్నదాన్ని వదలడు, ఇంకా గట్టిగా నొక్కుతాడు. అందుకని వేగాన్ని అదుపు చేసేది కింది తాడు పట్టుకున్న చెయ్యే అని మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి, అదనంగా బ్రేక్ కరాబైనర్ (తాడుకి ఒరిపిడి పెంచే లోహపు కొక్కెం) కూడా వాడండి. బురద పట్టిన లావు తాడు మీద దిగడానికి తోసుకోవాల్సి వస్తే, శుభ్రమైన సన్నని తాడు మీద అదే డిసెండర్ సర్రున జారుతుంది.

30 మీటర్ల దిగుడులో తాడు పైనుంచి కిందికి ఒకే ఊపులో ఉండకపోవచ్చు. రాతికి రాసుకునే చోట మధ్యలో గోడకి ఇంకో యాంకర్ (తాడు కట్టే బోల్టు) కొట్టి మళ్లీ కడతారు, దాన్ని రీబిలే అంటారు. క్లైంబింగ్ నుంచి వచ్చినవాళ్లు బిత్తరపోయేది ఇక్కడే. దిగేటప్పుడు యాంకర్‌కి సమానంగా రాగానే పొట్టి కౌస్‌టెయిల్ దానికి తగిలించి, ఇంకాస్త దిగి దాని మీద వేలాడండి. డిసెండర్‌ని పై తాడు నుంచి తీసి, కింది తాడు మీద యాంకర్‌కి అతి దగ్గరగా వేసి లాక్ చెయ్యండి. వేలాడుతున్న తాడు వంపులో కాలు పెట్టి లేచి కౌస్‌టెయిల్ విప్పండి. డిసెండర్ దూరంగా వేస్తే ఆ వదులంతా ఒక్క కుదుపుగా పడిపోతారు. ఎక్కేటప్పుడు చేతి అసెండర్‌ని ముడికి ఆనేదాకా తొయ్యకండి. దాన్ని తెరవాలంటే ముందు కాస్త పైకి జరపాలి, ముడి అడ్డుంటే జరగదు. రెండు మూడు వేళ్ల ఎడం ఉంచండి.

ఎక్కిన ప్రతివాళ్లూ తాడు మీంచి తప్పుకున్నాక "రోప్ ఫ్రీ" అని అరవాలి. చిన్న రాయి జారినా, కరాబైనర్ చేజారినా "బిలో" అని అరవాలి. అది వినిపిస్తే తలెత్తి చూడకండి, గోడకి అతుక్కుపోండి. తాడు కింద నిలబడి ఎదురుచూడటం అసలు వద్దు.

ఎదురుచూడటం అంటే గుర్తొచ్చింది, లెక్క వేసుకోండి. కొత్తవాళ్లకి 30 మీటర్లు ఎక్కడానికి పది పదిహేను నిమిషాలు సులువుగా పడుతుంది. ఆరుగురుంటే చివరివాళ్లు గంటకి పైగా కింద నిలబడాలి, ఒక్కోసారి జలపాతం తుంపర్లలో. గుహ లోపలి ఉష్ణోగ్రత దాదాపు ఆ ప్రాంతపు సంవత్సర సగటు ఉష్ణోగ్రతే, బయట ఎండ మండుతున్నా మారదు. తడిసిన కాటన్ బట్టలు ఒంట్లోని వేడిని లాగేస్తాయి. జీన్స్, టీ షర్ట్ ఇంట్లో వదిలెయ్యండి. లోపల ఫ్లీస్, పైన నీళ్లు పీల్చని ఓవర్‌సూట్, కాళ్లకి రబ్బరు బూట్లు, మోకాళ్లకి ప్యాడ్లు. గుంపుకి ఒక తేలికపాటి షెల్టర్ సంచి ఉంటే అందులో అందరూ దగ్గరగా కూర్చోవచ్చు. ఎక్కే వరుసలో అనుభవం ఉన్నవాళ్లు ముందొకరు, వెనకొకరు ఉండాలి, కొత్తవాళ్లు మధ్యలో.

లైట్లు ఒకటి హెల్మెట్ మీద, కనీసం ఇంకొకటి వేరే బ్యాటరీతో జేబులో. ఫోన్ టార్చ్ లెక్కలోకి రాదు.

తాడు ఎంత బాగా వచ్చినా వాన ముందు ఏమీ చెయ్యలేరు. గుహ ముఖద్వారం దగ్గర వాన పడకపోయినా, దాని పై పరీవాహకంలో పడితే నీళ్లు లోపలికే వస్తాయి. 1967 జూన్‌లో ఇంగ్లండ్‌లోని మాస్‌డేల్ గుహలో ఆరుగురు కేవర్లు వరదలోనే పోయారు. 2018లో థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్‌లో 12 మంది పిల్లలు, వాళ్ల కోచ్ చిక్కుకున్నది కూడా వాన నీళ్ల వల్లే. ఆ రోజుదే కాదు, ముందు రెండు మూడు రోజుల వానా చూడాలి, నేల అప్పటికే నానిపోయి ఉంటే చిన్న జల్లుకే పొంగుతుంది. లోపల నీళ్ల రంగు మారినా, హోరు పెరిగినా కారణం వెతుకుతూ కూర్చోకుండా బయలుదేరండి. బయటికి దారి దూరమైతే ఎత్తైన చోటుకి. పైకప్పు పగుళ్లలో గడ్డి, నురగ మరకలు కనిపిస్తే నీళ్లు అక్కడిదాకా వస్తాయని అర్థం.

బయట ఒక మనిషికి నాలుగు సంగతులు చెప్పి వెళ్లాలి: ఏ గుహ, ఏ ద్వారం, ఎంతమంది, ఏ గంటకి కబురు రాకపోతే రెస్క్యూకి ఫోన్ చెయ్యాలి. బయటపడగానే స్నానం, టీ కన్నా ముందు ఆ మనిషికి ఫోన్. ఇది మర్చిపోయి రెస్క్యూ బృందాన్ని అర్ధరాత్రి లేపిన క్లబ్‌లు తక్కువేం కాదు. గుంపులో కనీసం నలుగురు ఉండాలి, ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు తోడుండి ఇద్దరు సాయానికి వెళ్లడానికి. 1925లో కెంటకీలోని శాండ్ కేవ్‌లో ఫ్లాయిడ్ కాలిన్స్ కాలి మీద రాయి పడి ఇరుక్కున్నప్పుడు ఒంటరిగా ఉన్నాడు. తర్వాత ఎంతమంది వచ్చినా ప్రాణాలతో తీయలేకపోయారు.

మొదటిసారి 30 మీటర్లు వద్దనే నా సలహా. ముందు తాడు అక్కర్లేని అడ్డ గుహ ఒకటి, తర్వాత పది మీటర్ల దిగుడు, ఆ తర్వాత ఇది. ఆ పది మీటర్ల దగ్గర కూడా కింద తాడు విప్పుకోకముందే రెండు మీటర్లు ఎక్కి చూసి మళ్లీ దిగండి. ఏదైనా బిగుతుగా, వదులుగా ఉంటే అప్పుడే తెలుస్తుంది. క్లబ్‌ని అడగాల్సినవి: ఆ రోజు గుంపుని ఎవరు నడిపిస్తారు, తాడు మధ్యలో ఇరుక్కున్న మనిషిని దించగలిగేవాళ్లు గుంపులో ఎంతమంది, హార్నెస్ అరువిస్తారా. రెండో ప్రశ్నకి "ఒక్కరే" అని జవాబొస్తే, ఇరుక్కున్నది ఆ ఒక్కరే అయితే ఏం చేస్తారని కూడా అడగండి.