108 అంబులెన్సుకు డబ్బు ఎవరిస్తారు? ఆలస్యమైతే ఎవరిని అడగాలి?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 108 ప్రధానంగా రాష్ట్ర ప్రభుత్వ డబ్బుతోనే నడుస్తుంది, కాబట్టి బండి ఆలస్యమైతే చివరికి జవాబు చెప్పాల్సింది రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖే. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలో, అంటే రాష్ట్రాలు చూసుకోవాల్సిన అంశాల్లో ఉన్నాయి. కేంద్రం నుంచి జాతీయ ఆరోగ్య మిషన్ కింద కొంత సాయం వస్తుంది, అంతే. రోజువారీ నిర్వహణను ప్రభుత్వం కాంట్రాక్టు మీద ఒక సంస్థకు అప్పగిస్తుంది. డ్రైవరు, టెక్నీషియన్ జీతాలు, డీజిల్, మందుల ఖర్చు ప్రభుత్వం ఆ సంస్థకు చెల్లించే బిల్లులోంచే వెళ్తాయి.

ఉదాహరణకు, పురిటి నొప్పులు పడుతున్న మనిషి కోసం ఫోన్ చేస్తే గంటైనా బండి రాలేదనుకోండి. ఫోన్ ఎప్పుడొచ్చింది, బండి ఎప్పుడు కదిలింది, ఎప్పుడు చేరింది అన్నవి కాల్ సెంటర్లో నమోదవుతాయి. ఫోన్ చేసిన నంబరు, తేదీ, సమయం రాసి జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి ఫిర్యాదు ఇవ్వండి. ఆ వివరాలు కావాలని 2005 సమాచార హక్కు చట్టం కింద కూడా అడగొచ్చు. నోటిమాటగా డ్రైవరు మీద కోప్పడితే రికార్డు ఏదీ మిగలదు. పైగా బండ్లు చాలకపోవడం ఆయన తప్పు కాదు.

బండి మీద సంస్థ పేరు చూసి ఇది ప్రైవేటు దాతృత్వం, అడిగే హక్కు మనకు లేదని చాలామంది అనుకుంటారు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఈ సేవ ప్రైవేటు చొరవతోనే మొదలైంది కానీ, తర్వాత ఖర్చు ప్రభుత్వం మీదికి వచ్చింది. రోగి దగ్గర పైసా తీసుకోకూడదు. ఎవరైనా అడిగితే అదీ ఫిర్యాదులో రాయాల్సిందే.