మీరడిగారు: పోతామన్నారు సరే, పోయేదెట్లా?

ఈసారి వచ్చిన జాబుల్లో సగానికి పైగా యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ విడిపోయిన గొడవ మీదే. పరీక్షల కాలం కాబోలు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఎగుమతి కాగితాలు చూసి రిటైరైన నాకు ఈ విషయం కాస్త ఇష్టమే కనుక, మిగతా జాబులు వచ్చే సంచికకు పెట్టుకున్నాను.

ప్రశ్న: సార్, బ్రిటన్ జనం 2016లోనే యూరోపియన్ యూనియన్ వద్దని ఓటేశారు. బయటపడింది మాత్రం 2020లో. తీర్పు వచ్చాక పార్లమెంటు ఎందుకంత నానబెట్టింది? మన దగ్గరైతే విప్ ఇచ్చి ఒక్క పూటలో తేల్చేవాళ్లు కదా?
(గ్రూప్-1కు చదువుతున్న అమ్మాయి, చిత్తూరు)

జవాబు: విప్ మాట ఎత్తావు కాబట్టి అక్కణ్ణించే వస్తానమ్మా. మన ఎంపీ విప్ ధిక్కరిస్తే రాజ్యాంగం పదో షెడ్యూలు కింద, అంటే ఫిరాయింపుల చట్టం కింద, సీటుకే ఎసరు. 1985లో వచ్చింది ఆ ఏర్పాటు. బ్రిటన్‌లో పార్టీ వెలివేయగలదు గానీ సీటు ఊడబెరకలేదు. 2019 సెప్టెంబరులో అప్పటి ప్రధాని బోరిస్ జాన్సన్ మాట వినలేదని 21 మంది సొంత ఎంపీలను పార్టీ బయటికి నెట్టాడు. చర్చిల్ మనవడు నికొలస్ సోమ్స్ కూడా వాళ్లలో ఉన్నాడు. అయినా అందరూ ఎంపీలుగానే సభలో కూర్చున్నారు. విప్‌తో భయపెట్టి పని జరిపించుకునే వీలు అక్కడ తక్కువ.

అయితే అసలు చిక్కు అది కాదు. 2016 జూన్ 23న బ్యాలెట్ మీద అడిగింది ఉండాలా, పోవాలా అని మాత్రమే. 51.9 శాతం పోవాలన్నారు. ఎట్లా పోవాలో ఎవరూ అడగలేదు. కస్టమ్స్ యూనియన్‌లో, అంటే తమలో తాము సుంకం లేకుండా బయటివాళ్లకు ఒకే సుంకం వేసే కూటమిలో, ఒక కాలు ఉంచి పోవచ్చు. నార్వే మాదిరి ఒకే మార్కెట్‌లో కొనసాగుతూ పోవచ్చు. ఏ ఒప్పందమూ లేకుండా లేచి వచ్చేయనూవచ్చు. వీటిలో దేన్ని కోరుకున్నా వేయాల్సింది ఆ ఒక్క గడిలోనే. లెక్కపెట్టిన రాత్రి అందరూ గెలిచామనే అనుకున్నారు.

జాన్సన్‌కు ముందు ప్రధానిగా ఉన్న థెరిసా మే 2017లో ముందస్తు ఎన్నికలకు పోయి ఉన్న మెజారిటీ పోగొట్టుకుంది. నార్తర్న్ ఐర్లాండ్‌కు చెందిన డీయూపీ పార్టీ 10 మంది ఎంపీల ఆసరాతో నెట్టుకొచ్చింది. ఆమె తెచ్చిన ఒప్పందం 2019 జనవరి 15న సభలో 202-432 తేడాతో ఓడింది. సొంత పార్టీవాళ్లే 118 మంది వ్యతిరేకంగా వేశారు. కొందరికి ఆ ఒప్పందం యూరప్‌కు మరీ దగ్గర, కొందరికి మరీ దూరం. తమాషా చూడు, మర్నాడే పెట్టిన అవిశ్వాసంలో ప్రభుత్వం 325-306తో గట్టెక్కింది. నీ ఒప్పందం మాకొద్దు, నువ్వు మాత్రం కుర్చీ దిగొద్దు అన్నట్టు. మార్చి 12న మళ్లీ ఓడింది, 242-391. మార్చి 29న మూడోసారి, 286-344. ముందు అనుకున్న ప్రకారం బ్రిటన్ బయటికి రావాల్సిన రోజే అది.

వీటన్నిటి కంటే నేను మార్చి 27ని గుర్తుపెట్టుకోమంటాను. సరే, ప్రభుత్వాన్ని పక్కన పెట్టి మేమే దారి వెతుక్కుంటామని ఎంపీలు 8 మార్గాల మీద ఓటేశారు. ఒక్కదానికీ మెజారిటీ రాలేదు. ఏప్రిల్ 1న వాటిని 4కి కుదించి మళ్లీ వేశారు. కస్టమ్స్ యూనియన్ 273-276తో, అంటే 3 ఓట్లతో పోయింది. జవాబు రాసేటప్పుడు ‘నాయకుల మొండితనం’ అని రాసి చేతులు దులుపుకోకు. ప్రతి దారినీ కాదనడానికి ఆ సభలో మెజారిటీ ఉంది, ఏ ఒక్కదాన్నీ అవుననడానికి లేదు. మార్కులు అక్కడున్నాయి.

ప్రశ్న: అన్నా, టీవీలో అప్పట్లో ఐర్లాండ్ సరిహద్దు, ఐర్లాండ్ సరిహద్దు అని ఒకటే చెప్పేవాళ్లు. ఇంగ్లాండు పోవడానికీ ఐర్లాండు గట్టుకీ ఏంది సంబంధం?
(మామిడి రైతు, బంగారుపాళ్యం)

జవాబు: 2025 జూన్ గుర్తు తెచ్చుకో తమ్ముడూ. తోతాపురికి ధర లేక మనవాళ్లు అల్లాడుతుంటే, కర్ణాటక కాయ జిల్లాలోకి రాకూడదని చిత్తూరు కలెక్టరు ఆదేశమిచ్చారు. సరిహద్దు రోడ్ల మీద బండ్లు ఆపారు. కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య మన ముఖ్యమంత్రికి లేఖ రాశారు. ఒక్క పంటకే అంత రభస. ఇప్పుడు అదే గట్టు మీద ముప్పై ఏళ్లు తుపాకులు పేలి, మూడు వేల మందికి పైగా చచ్చిపోయి, 1998లో గుడ్ ఫ్రైడే ఒప్పందంతో కాస్త ఊపిరి పీల్చుకున్నారనుకో. అక్కడ మళ్లీ చెక్‌పోస్టు పెడతామంటే ఎవరు ఒప్పుకుంటారు?

నార్తర్న్ ఐర్లాండ్ బ్రిటన్‌లో భాగం. పక్కనున్న ఐర్లాండ్ వేరే దేశం, యూరోపియన్ యూనియన్ సభ్యురాలు. మధ్యన దాదాపు 500 కిలోమీటర్ల సరిహద్దు. ఇద్దరూ యూనియన్‌లో ఉన్నన్నాళ్లు సుంకం అడిగేవాళ్లు లేరు. థెరిసా మే మూడు మాటలిచ్చింది: కస్టమ్స్ యూనియన్ నుంచి బయటికొస్తాం, ఐర్లాండ్ గట్టు మీద తనిఖీ పెట్టం, నార్తర్న్ ఐర్లాండ్‌ను మిగతా బ్రిటన్ నుంచి విడదీయం. ఇందులో ఏ రెండైనా నిలబడతాయి, మూడూ నిలబడవు. వేరే దారి దొరికేదాకా బ్రిటన్ మొత్తాన్నీ యూరప్ సుంకాల గొడుగు కిందే ఉంచుతామని ఆమె ‘బ్యాక్‌స్టాప్’ అనేదొకటి రాసుకొచ్చింది. అయితే ఎన్నటికీ బయటపడమని సొంతవాళ్లే తిరగబడ్డారు.

ఆమె తర్వాత ప్రధాని అయిన జాన్సన్ మూడో మాట వదిలేశాడు. తనిఖీ గట్టు మీద కాకుండా సముద్రం మీదికి మార్చాడు, అంటే బ్రిటన్ నుంచి నార్తర్న్ ఐర్లాండ్‌కు పోయే సరుకు మీద. డీయూపీ మండిపడింది. 2019 డిసెంబరు 12 ఎన్నికల్లో 365 సీట్లొచ్చాక ఆ పదిమందితో అతనికి పనేముంది? 2020 జనవరి 31న బయటికొచ్చేశారు. సముద్రం మీద తనిఖీల రగడ మాత్రం ఆరక, 2023లో విండ్సర్ ఒప్పందమని మరొకటి రాసుకోవాల్సి వచ్చింది.

ప్రశ్న: అప్పట్లో బ్రిటన్ సభలో ‘ఆర్డర్, ఆర్డర్’ అని అరిచిన ఆ స్పీకర్ నిజంగా అంత శక్తిమంతుడా?
(పుత్తూరు పాఠకుడు)

జవాబు: జాన్ బెర్కో గొంతుదేముంది గానీ, 2019 మార్చి 18న ఆయన తీసిన పాత రూలు చూడండి. ఒకసారి సభ తోసిపుచ్చిన తీర్మానాన్ని అదే సమావేశాల్లో మార్పు లేకుండా మళ్లీ తేకూడదన్నది 1604 నాటి ఆనవాయితీ. అందుకే మూడోసారి ఒప్పందాన్ని రెండు ముక్కలు చేసి ఒక ముక్క మీదే ఓటింగ్ పెట్టారు.

ప్రశ్న: మళ్లీ జనాన్నే అడిగి ఉంటే సరిపోయేది కదా?
(రిటైర్డ్ టీచర్, తిరుపతి)

జవాబు: ఆ ఏప్రిల్ 1నే ఆ ప్రతిపాదన కూడా 280-292తో ఓడింది మాస్టారూ. నన్నడిగితే, మళ్లీ ఉండాలా పోవాలా అనే అడిగి ఉంటే చేసిన తప్పే రెండోసారి చేసినట్టు. ఫలానా ఒప్పందం కావాలా, ఉన్నచోటే ఉందామా అని అడిగి ఉంటే ఒప్పుకునేవాణ్ణి.

ప్రశ్న: బ్రిటన్ విడిపోవడం మన మామిడి ఎగుమతికి మంచిదా, చెడా?
(చిన్న గుజ్జు వ్యాపారి, తిరుపతి)

జవాబు: రెండూను. 2014 మే 1 నుంచి యూరోపియన్ యూనియన్ మన మామిడి పండ్లను నిషేధించింది, పండు ఈగ కనబడిందని. లండన్ కొట్లవాళ్లు లబోదిబోమన్నారు. బ్రిటన్ మాత్రం తనంతట తాను సడలించలేకపోయింది, ఎందుకంటే ఆ అధికారం యూనియన్ కేంద్రమైన బ్రస్సెల్స్‌ది. 2015 జనవరిలో గానీ ఎత్తేయలేదు. మా గుజ్జుకు ఆ దెబ్బ తగల్లేదు, ఉడికించి సీలు వేసిన సరుకు కాబట్టి. విడిపోదామన్నవాళ్ల వాదనలో నాకు న్యాయంగా తోచిన ముక్క ఇదే.

ఇక నష్టం కాగితాల్లో ఉంది. పాత రోజుల్లో చెన్నై నుంచి పోయిన డ్రమ్ములు నెదర్లాండ్స్ రేవు రాటర్‌డామ్‌లో దిగి, అక్కడ సుంకం కడితే, ఆ తర్వాత లారీలో బ్రిటన్‌కు పోయినా మళ్లీ కట్టే పని లేదు. విడిపోయాక పెట్టుకున్న సర్దుబాటు గడువు ముగిసి, 2021 జనవరి 1 నుంచి బ్రిటన్ సుంకాల పట్టిక వేరు, కస్టమ్స్ డిక్లరేషన్ వేరు. యూరప్‌లో కట్టేశాక బ్రిటన్‌కు మళ్లిస్తే రెండుసార్లు చేతి చమురు వదలొచ్చు. పైగా 2025 జులై 24న భారత్, బ్రిటన్ వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అందులోని రాయితీ కావాలంటే సరుకు ఇక్కడిదేనని రుజువు కావాలి. కాబట్టి ఆర్డరు తీసుకునేటప్పుడే సరుకు చివరికి చేరేది ఏ దేశమో కొనేవాణ్ణి రాతపూర్వకంగా అడగండి. అలవాటు కొద్దీ బిల్లులో రాటర్‌డామ్ అని కొట్టించకండి.