రూట్ 66 పాత డైనర్లలో చూడవలసినది ఏముంది?

అమెరికాలోని పాత జాతీయ రహదారి రూట్ 66 మీద మిగిలిన పాత డైనర్లు (చిన్న హోటళ్లు), మోటెళ్లు (కారులో వెళ్లేవారి బసలు), వింత బొమ్మలు చూడటానికి అమెరికన్లు పనిగట్టుకుని ఎందుకు వెళతారు, మనవాళ్లు చూడదగ్గది అక్కడ ఏమైనా ఉందా అని మీరు అడిగారు. నేను పదకొండేళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నాను. మూడేళ్ల క్రితం వేసవిలో కుటుంబంతో ఓక్లహోమా నుంచి ఆరిజోనా దాకా ఆ పాత రోడ్డు వెంట వెళ్లివచ్చాను. ఆ అనుభవం మేరకు చెబుతున్నాను.

రుచి కోసమైతే వెళ్లవద్దు. శాకాహారికి అక్కడ దొరికేది పాన్‌కేకులు, వేయించిన బంగాళాదుంప తురుము, చీజ్ శాండ్‌విచ్. ఇక కాఫీ సంగతి, డికాక్షన్‌కు అలవాటుపడినవారికి చెప్పకపోవడమే మంచిది. అయినా న్యూజెర్సీకి వచ్చిన మొదటి శీతాకాలంలో, గదిలో ఒంటరిగా తినబుద్ధికాక, రాత్రి పదకొండింటికి నేను వెళ్లింది మా వీధి చివరి డైనరుకే. రైలుపెట్టెలా పొడుగ్గా, సన్నగా, స్టీలు రేకుల తొడుగుతో ఉండేది. 1872లో రోడ్ ఐలండ్‌లోని ప్రావిడెన్స్‌లో వాల్టర్ స్కాట్ అనే ఆయన రాత్రిపూట గుర్రబ్బండి మీద ఆహారం అమ్మడంతో మొదలైన ఈ వ్యాపారం, తరువాత ఫ్యాక్టరీలోనే డైనరు కట్టి స్థలానికి తరలించే పద్ధతికి చేరింది కనుక, రోడ్డు మీద లాక్కుపోవడానికి వీలైన వెడల్పే దానికి హద్దు అయింది. అందువల్ల లోపల ఒక పొడుగాటి కౌంటరు, దాని ముందు నేలకు బిగించిన గుండ్రటి స్టూళ్లు; పక్కన లారీ డ్రైవరు ఉన్నా, డ్యూటీ దిగిన నర్సు ఉన్నా మోచేతులు తగలక తప్పదు. వడ్డించే పెద్దావిడ అందరినీ "హనీ" అని పిలుస్తూ, కప్పు సగానికి వచ్చేసరికి అడగకుండానే నింపి వెళ్లేది. ఆ ఊళ్లో నాతో మొదట ఆప్యాయంగా మాట్లాడిన మనిషి ఆవిడే.

అమెరికన్లు తలచుకునేది ఇలా ఆగి కూర్చోవడాన్నే అని నా అభిప్రాయం. 1926లో ఏర్పడిన రూట్ 66 షికాగో నుంచి కాలిఫోర్నియా దాకా దాదాపు 2,400 మైళ్లు, చాలా ఊళ్ల నడిబజారు గుండా సాగేది. వెళ్లే కారును ఆపగలిగితేనే కొట్టువాడికి బేరం. అందుకే ఆరిజోనాలోని హోల్‌బ్రుక్‌లో 1950లో గుడారాల ఆకారంలో సిమెంటు గదులు కట్టారు, టెక్సస్‌లోని అమరిల్లోలో 72 ఔన్సుల (దాదాపు రెండు కిలోల) మాంసం గంటలో తినేస్తే డబ్బు అక్కర్లేదని ఆశ చూపారు. ఓక్లహోమాలోని కటూసాలో ఉన్న నీలి తిమింగలం బొమ్మ కథ వేరు: పెళ్లిరోజు కానుకగా ఒకాయన తన భార్య కోసం 1970ల మొదట్లో చెరువులో కట్టించినది అది. మా పాప దాని నోట్లోంచి బయటకు రానంది.

1956 చట్టంతో వచ్చిన ఇంటర్‌స్టేట్ రహదారులు (రాష్ట్రాలను కలిపే పెద్ద రోడ్లు) ఈ ఊళ్లను తప్పించి పక్కగా పోయాయి. 1984లో ఆరిజోనాలోని విలియమ్స్ అనే ఊరు చిట్టచివరగా ఆ వరుసలో చేరింది; మరుసటి ఏడాది రూట్ 66 జాతీయ రహదారుల జాబితాలోంచే పోయింది. ఇప్పుడు నిలిచి ఉన్నవాటికి ఆరిజోనాలోనే ఉన్న సెలిగ్మన్ ఊరి ఏంజెల్ డెల్గాడియో అనే మంగలి వంటివారి పట్టుదల చాలావరకు కారణం. 1987లో ఆయన, ఊరివాళ్లు కలిసి సంఘం పెట్టి ఆ రోడ్డుకు చారిత్రక గుర్తింపు సాధించారు.

అయితే ఈ జ్ఞాపకాల్లో ఒక భాగాన్ని చాలామంది దాటవేస్తారు. అదే రోజుల్లో నల్లజాతి ప్రయాణికులను ఎన్నో డైనర్లు, మోటెళ్లు గుమ్మంలోనే తిప్పి పంపేవి. తమను రానిచ్చే చోట్ల వివరాలున్న గైడు పుస్తకం పట్టుకుని వారు బయలుదేరవలసి వచ్చేది.

మీకు ఒక్కరోజే ఉంటే టెక్సస్‌లోని ఏడ్రియన్‌కు వెళ్లండి. షికాగోకు 1,139 మైళ్లు, లాస్ ఏంజిలిస్‌కు 1,139 మైళ్లు అని అక్కడ బోర్డు ఉంటుంది. మా అబ్బాయి నడిరోడ్డు మీద ఒక కాలు అటు, ఒక కాలు ఇటు వేసి నిలబడితే తాపీగా ఫొటోలు తీసుకున్నాం. ఆ పావుగంటలో ఒక్క కారూ రాలేదు. పక్కనున్న ఇంటర్‌స్టేట్ మీద మాత్రం లారీల హోరు ఆగలేదు.