వారానికి మూడు చాలు, అమ్ములూ

చిరంజీవి అమ్ములుకి,
మావయ్య ఆశీస్సులు.

ప్రతి ఆదివారం నీ స్నేహితులకి ఆ వారం చూసినవీ విన్నవీ రాసి పంపుదామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. "వాడు ఇరవై ఏళ్లుగా అదే పని చేస్తున్నాడు, వాణ్ణే అడుగు" అందట. ఇరవై రెండేళ్లు, లెక్క సరిగ్గా చెప్పమను. మొదట్లో కాగితం మీద రాసి చేతికిచ్చేవాణ్ణి, తర్వాత మెయిల్, ఇప్పుడు ఫోన్. చదివేవాళ్లు ఎప్పుడూ పాతిక మంది దాటలేదు, దాటాలని నేనూ అనుకోలేదు.

నువ్వు పంపిన మొదటి చిట్టీ చూశాను. పద్నాలుగు పేర్లు, పద్నాలుగు లింకులు, ప్రతిదాని పక్కనా "సూపర్", "మస్ట్ వాచ్", "అస్సలు మిస్ అవ్వొద్దు". కోప్పడకు గానీ, అంతా చదివాక నాకు ఒక్కటీ చూడాలనిపించలేదు. నీకున్న అభిరుచికి లోటేమీ లేదు, ఆ పద్నాలుగులో నాకు ప్రాణమైనవి మూడున్నాయి. కానీ నేను ఏది పెట్టుకోవాలో, ఎందుకు పెట్టుకోవాలో అందులో ఎక్కడా లేదు.

ఎవరికైనా "ఇది చూడు" అన్నామంటే వాళ్ల దగ్గర రెండు గంటలు చేబదులు తీసుకున్నట్టే. సినిమా నచ్చితే బాకీ తీరిపోతుంది. నచ్చకపోతే ఆ రెండు గంటలు ఎలా తిరిగిస్తాం? ఒకసారైతే ఏమీ అనుకోరు. మూడుసార్లు అలా జరిగితే నాలుగోసారి నీ మెసేజ్ తెరవరు. తెరవట్లేదని చెప్పరు కూడా. "చూస్తాలే" అంటారు, అంతే. నా పాతిక మందిలో ఇద్దరు అలా జారిపోయారని నాకు ఏడాది తర్వాత గానీ తెలియలేదు.

పేర్లు గుప్పించే పని యంత్రాలు మనకంటే బాగానే చేస్తున్నాయి. స్పాటిఫై 2015 నుంచి ప్రతి సోమవారం ఒక్కొక్కరికీ విడిగా 30 పాటలు వడ్డిస్తోంది. నీలాంటి శ్రోతలు ఏవేవి కలిపి వింటున్నారో చూసి, నువ్వింకా విననివి అందులోంచి ఏరుతుంది. నెట్‌ఫ్లిక్స్ అయితే 2006లో ఒక పోటీయే పెట్టింది. ఏ సినిమాకి ఎవరు ఎన్ని మార్కులు వేస్తారో తమ లెక్క కన్నా 10 శాతం మెరుగ్గా ఊహించిన జట్టుకి పది లక్షల డాలర్లు ఇస్తామంది. ప్రపంచంలోని బుర్రలన్నీ కూర్చుంటే ఆ 10 శాతం దాటడానికి 2009 దాకా పట్టింది. ఇంత చేసినా ఆ లెక్కకి నీ స్నేహితురాలికి పోయిన వారం ఉద్యోగం పోయిందని తెలియదు. నీకు తెలుసు. నీ చిట్టీకి ఉన్న విలువ అదే. కాబట్టి పదిహేను మందికి పంపినా, రాసేటప్పుడు మాత్రం ఒక్కరిని మనసులో పెట్టుకుని రాయి. నేను ఒక్కో వారం ఒక్కొక్కరిని అనుకుంటాను. ఎవరిని అనుకున్నానో చెప్పను గానీ, వాళ్లకి తెలిసిపోతుంది.

ఇక ఎలా రాయాలన్నది. ఒక ఉదాహరణ చూపిస్తాను, నీ చిట్టీలోదే. "12 యాంగ్రీ మెన్, ఓల్డ్ క్లాసిక్, సూపర్ యాక్టింగ్, మస్ట్ వాచ్" అని రాశావు. ఇది చదివిన మనిషికి అందిన విషయం ఒక్కటే, సినిమా పాతది అని. నేనైతే ఇలా రాస్తాను:

"12 యాంగ్రీ మెన్, 1957, నలుపు తెలుపు, 96 నిమిషాలు. పన్నెండు మంది జ్యూరీ సభ్యులు ఒక గదిలో కూర్చుని ఒక కుర్రాడి ప్రాణం గురించి తేల్చాలి. మొదటి ఓటింగులో పదకొండు మంది ఒకవైపు, ఒక్కడు ఒకవైపు. దాదాపు సినిమా అంతా ఆ గదిలోనే. మాటలు ఎక్కువ, సబ్‌టైటిల్స్ మీద కన్ను ఉండాలి కాబట్టి నిద్రమత్తులో పెట్టుకోకండి. చూసేటప్పుడు ఒక్క పని చేయండి. గది పైకప్పు ఎప్పట్నుంచి కనిపించడం మొదలైందో గమనించండి."

పైకప్పు సంగతేమిటంటే, దర్శకుడు సిడ్నీ లుమెట్ కెమెరాని మొదట కంటి కన్నా ఎత్తులో పెట్టి, కథ నడిచేకొద్దీ కిందికి దించుతూ వచ్చాడు. లెన్సులు కూడా మార్చుకుంటూ పోయాడు. అందుకే గోడలు దగ్గరికి జరుగుతున్నట్టు, చివరికొచ్చేసరికి పైకప్పు నెత్తిమీదికి దిగుతున్నట్టు ఉక్కపోస్తుంది. ఇదంతా చిట్టీలో రాయక్కర్లేదు. గమనించమని ఒక్క మాట అంటే చాలు, చూసేవాళ్లకి అదొక పనిలా ఉంటుంది, ఫోన్ పక్కన పెడతారు. నేను ఇది పంపిన వారం ముగ్గురు పైకప్పు గురించి జవాబు రాశారు. కథ గురించి ఒక్కరూ రాయలేదు, అది వేరే సంగతి.

నిడివి మాత్రం ఎప్పుడూ రాయి. మనిషి ముందు అడిగేది బాగుందా అని కాదు, ఎంతసేపు అని. సిరీస్ అయితే ఎన్ని ఎపిసోడ్లు, అసలు కథ ఎన్నో ఎపిసోడ్ దగ్గర అందుకుంటుంది, నచ్చకపోతే ఎక్కడ ఆపేస్తే నష్టం లేదో, ఇవి చెప్పు. "మొదటి సీజన్ కాస్త లాగ్, రెండోదాన్నుంచి అదిరిపోతుంది" అని మాత్రం అనకు. పది గంటల లాగ్ భరించమని ఎవరిని అడుగుతాం చెప్పు? ఏడాది కూడా రాయి. "దేవదాసు చూడండి" అంటే ఏ దేవదాసు? 1953 తెలుగుదా, 1955 హిందీదా, 2002 హిందీదా? ఒకసారి ఒక స్నేహితుడికి నేను పాతది అనుకుని చెప్తే ఆయన కొత్తది చూసి, నాతో వారం రోజులు వాదించాడు. ఇద్దరం వేరువేరు సినిమాల గురించి పోట్లాడుకుంటున్నామని ఎనిమిదో రోజున తేలింది.

ఇప్పుడు నేను చేసిన తప్పొకటి చెప్తాను. ఇది చదివి నవ్వకు.

ఒక స్నేహితుడికి తండ్రి పోయి నెల కూడా కాలేదు. ఇల్లు కదలట్లేదు, ఏదైనా తేలిగ్గా నవ్వుకునేది చెప్పరా అన్నాడు. అప్పుడే నేనొక కామెడీ సిరీస్ మొదలుపెట్టాను, రెండు ఎపిసోడ్లు చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. వెంటనే అతనికి పంపేశాను. అతను ఒక రాత్రిలో ఆరు ఎపిసోడ్లు చూశాడు. ఆరోదాంట్లో హీరో తండ్రి ఆసుపత్రిలో పోతాడు, పదిహేను నిమిషాలపాటు, నెమ్మదిగా. మర్నాడు ఫోన్ చేసి ఏమీ అనలేదు. "నువ్వు చూడలేదు కదూ" అన్నాడు, అంతే. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆ రోజునుంచి పూర్తిగా చూడనిది పంపను. పంపితే "మూడు ఎపిసోడ్లే చూశాను" అని రాస్తాను. ఎవరో బాగుందన్నారని విన్నదైతే, "నేను చూడలేదు, ఫలానా వాళ్లు చెప్పారు" అని రాస్తాను. ఇంకో సంగతి, చావు, పిల్లల మీద హింస, ఆత్మహత్య లాంటివి కథలో ఉంటే ముందే ఒక మాట అనడం స్పాయిలర్ కాదు. ఎవరు చచ్చారో, ఎందుకో చెప్పక్కర్లేదు. "ఇందులో ఆసుపత్రి సన్నివేశాలు ఉన్నాయి, బరువుగా ఉంటాయి" అంటే చాలు. తట్టుకోగలిగినవాళ్లు చూస్తారు, లేనివాళ్లు ఇంకో నెలకి దాచుకుంటారు.

పాటల విషయం వేరు. సినిమాకి రెండు గంటలు అడగడానికి మొహమాటపడతాం గానీ, పాటకి మొహమాటం లేక ఇరవై లింకులు పంపేస్తాం. వినేవాళ్లు ఒక్కోటీ పావు నిమిషం విని దాటేస్తారు. ఒక్కటి పంపు, దాని వెనక కథ చెప్పు. కీత్ జారెట్ అనే జాజ్ పియానో విద్వాంసుడు 1975 జనవరి 24 రాత్రి జర్మనీలోని కొలోన్ ఒపేరా హౌస్‌లో కచేరీ చేయాలి. తీరా చూస్తే ఆయన అడిగిన పెద్ద పియానో లేదు, రిహార్సల్స్‌కి వాడే చిన్నది ఉంది. శ్రుతి సరిగ్గా లేదు, పై స్వరాలు పలచగా, కింది స్వరాలు నీరసంగా పలుకుతున్నాయి. వాయించనన్నాడు. బతిమాలితే ఒప్పుకున్నాడు. బాగా పలికే మధ్య భాగం మీదే ఎక్కువగా ఆధారపడి, దాదాపు అంతా అప్పటికప్పుడు అల్లుకుంటూ గంటకి పైగా వాయించాడు. ఆ రికార్డింగు లక్షలమందికి చేరింది. జాజ్ అంటే ఏమిటో తెలియని మా మేనత్తకి ఈ కథ చెప్పి వినిపించాను. "పాపం, ఎడం చేత్తో ఒకే చోట ఎంత కొట్టుకుంటున్నాడో" అంది. సంగీతం ఆవిడకి ఎంత ఎక్కిందో తెలియదు గానీ చివరిదాకా లేవలేదు.

ఎన్ని పంపాలి అని అడిగావు. మూడు. చూసేది ఒకటి, వినేది ఒకటి, నెట్‌లో దొరికిన చిన్నది ఒకటి. ఏమీ లేని వారం ఒక్కటే పంపు, అదీ లేకపోతే "ఈ వారం ఏమీ నచ్చలేదు" అని ఒక ముక్క రాయి. లెక్క కోసం నచ్చనిదాన్ని ఇరికించకు. 1977లో వాయేజర్ నౌకల్లో పెట్టి అంతరిక్షంలోకి పంపిన బంగారు రికార్డు సంగతి నీకు తెలుసుగా, 55 భాషల్లో పలకరింపులు, తెలుగు కూడా ఉంది. మొత్తం భూగోళం సంగీతంలోంచి గ్రహాంతరవాసులకి వినిపించడానికి ఏరింది 27 ముక్కలు, గంటన్నర. భూమికే గంటన్నర సరిపోతే మన ఆదివారానికి పద్నాలుగు ఎందుకే?

నెట్‌లో దొరికేవాటి గురించి ఎక్కువ చెప్పను, నీకే బాగా తెలుసు. వాటిల్లో నాకు నచ్చేవి తెరిచిన అర నిమిషంలో ఆడుకోగలిగేవి. రేడియో గార్డెన్ చూశావా? భూగోళం బొమ్మని వేలితో తిప్పి ఏ ఊరి మీద ఆగితే ఆ ఊరి రేడియో అప్పుడే మోగుతుంది. అలాంటిది పంపితే వివరణ అక్కర్లేదు. వ్యాసమైతే తేదీ చూసుకో, చివరిదాకా చదివాకే పంపు. లింకుతో పాటు పేరూ రాసినవాళ్లదీ రాయి, లింకులు చచ్చిపోతాయి. నా పాత చిట్టీల్లో సగం అలా పోయాయి. కొన్నింటిని పాత వెబ్ పేజీల నకళ్లు దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో వెతికి పట్టుకున్నాను, పేరు కూడా రాయనివి మాత్రం దొరకలేదు. దొంగ కాపీల లింకులు పంపకు. తీసినవాళ్లని మెచ్చుకుంటూ వాళ్ల కష్టాన్ని దోచే దారి చూపించడం ఏం బాగుంటుంది?

చిన్న నోట్‌బుక్ ఒకటి పెట్టుకో, ఫోన్‌లో అయినా సరే. చూస్తున్నప్పుడు మనసు ఆగిన చోట నిమిషం రాసుకో, "41వ నిమిషం, తలుపు చప్పుడు" అని. చిట్టీ మాత్రం అదే రాత్రి రాయకు. ఆ రాత్రి అన్నీ గొప్పగానే ఉంటాయి. బుధవారం చూసింది ఆదివారానికి ఎంత మిగిలిందో చూసుకో. నాకు చాలాసార్లు కథ పోయి ఒక మొహం మిగులుతుంది, లేదా ఒక చప్పుడు. దాని గురించే రాస్తాను.

పంపాక "చూశావా, చూశావా" అని వెంటపడకు. పంపేశావు, నీ పని అయిపోయింది. ఎవరైనా నచ్చలేదంటే నీ అభిరుచిని కాపాడుకోవడానికి వాదించకు. ఎక్కడ ఆపేశారో అడుగు. వాళ్లకి ఏది పంపకూడదో దాంతో తెలుస్తుంది, వచ్చేసారికి పనికొస్తుంది. ఎవరైనా తిరిగి నీకొకటి చెప్తే మాత్రం వాయిదా వేయకుండా చూడు. నీ మూడింటికి వాళ్లు సమయం ఇచ్చారు కదా.

ఈ మాట అంటుంటే గుర్తొచ్చింది. రెండు నెలల క్రితం నువ్వు పంపిన ఆల్బమ్ నేనింకా వినలేదు. "చూస్తాలే" అన్నది నేనే. ఈ రాత్రి పెట్టుకుంటాను. నాలుగో పాటకి హెడ్‌ఫోన్స్ కావాలన్నావు, అవెక్కడ పెట్టానో వెతకాలి.

మీ మావయ్య