కాలిన కాయిల్‌ను పాత ఇనుముకి వేయకండి

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లె. కుండలు, దీపపు ప్రమిదలు చేసి అమ్ముతాను. ఆవానికి కట్టెలు దొరక్క ఆరు కిలోవాట్ల కరెంటు బట్టీ కొన్నాను. ఏడాది వారంటీ. నాలుగో నెలలోనే కాయిల్ తెగి, వైర్లు కలిపే పెట్టె మాడిపోయింది. ‘వ్యాపారానికి కొన్నారు కాబట్టి వినియోగదారుల చట్టం వర్తించదు, పైగా మీకు వాడటం రాలేదు’ అంటున్నారు అమ్మినవాళ్లు. బట్టీ ఇంటి మీటరు మీదే నడిచింది. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చమ్మా. వాళ్ల మొదటి మాట నిలవదు. స్వయం ఉపాధితో బతకడానికే కొన్న వస్తువును 2019 చట్టం వ్యాపార ప్రయోజనం కింద లెక్కించదు. అమ్మినవాళ్లు ఏ ఊళ్లో ఉన్నా విజయనగరంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. గడువు 2 ఏళ్లు. చెల్లించిన ధర 5 లక్షల లోపుంటే ఫీజు లేదు.

రెండో మాటే అసలు చిక్కు. ఆరు కిలోవాట్ల బట్టీ 230 వోల్టుల దగ్గర 26 ఆంపియర్లు లాగుతుంది. ఇంట్లో గీజరు పెట్టుకునే సాకెట్ 16 ఆంపియర్లదే. మరి మీ బట్టీకి కరెంటు కనెక్షన్ బిగించింది ఎవరు? వాళ్ల మనిషే వచ్చి బిగించి వెళ్తే తప్పు వాళ్ల మెడకే చుట్టుకుంటుంది. మీ ఊరి ఎలక్ట్రీషియన్ సన్నటి వైరు లాగి ఉంటే మాత్రం మన కేసు బలహీనపడుతుంది. ఈ ఒక్క సంగతి నాకు దాచకుండా రాయండి.

కాలిన కాయిల్, మాడిన పెట్టె అలాగే ఉంచండి. వేరే మెకానిక్‌ను ముట్టుకోనివ్వకండి. అవసరమైతే కమిషన్ వాటిని ల్యాబ్ పరీక్షకు పంపుతుంది. కాయిల్ మీద గ్లేజు (కుండలకు పూసే గాజులాంటి పూత) కరిగి అంటుకున్న మచ్చలున్నాయేమో దగ్గర నుంచి ఫొటో తీయండి. ఉంటే వాడకం లోపమనే అంటారు. కాయిల్ కూర్చునే గాడిలోని మట్టి పొడిని ప్లగ్ తీసి బ్రష్‌తో దులిపేవారా, వేడి పూర్తిగా దిగాకే మూత తీసేవారా? ఏ రోజు ఎన్ని గంటలు కాల్చారో లెక్క పుస్తకంలో ఉంటే అది మంచి సాక్ష్యం.

మీటరు సంగతి ఆలస్యం చేయకండి. ఇంటి కనెక్షన్‌ను ఉపాధికి వాడితే విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెండింతల రేటు వేస్తారు. ఆ నోటీసు రాకముందే కేటగిరీ మార్పుకి, లోడు పెంపుకి దరఖాస్తు పెట్టి రసీదు తీసుకోండి. ఆ తర్వాతే అమ్మినవాళ్లకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపుదాం. బిల్లు, వారంటీ కార్డు జిరాక్సులు ముందు నాకు పంపండి.